ముందు మేత

ఎలీషబా ఆవు చచ్చిందని గోవిందయ్య పైగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. నేసిన నాటి నుంచి ఆ గుడ్డ అంత పాపపు పని చేసి ఉండదు. అయితే ఆ సంగతి ఆ మధ్యాహ్నం చేలో చేరిన జనానికి తెలియదు. ఎలీషబాకూ తెలియదు. ఆమె కోసిన జొన్న మోళ్ళ నడుమ చతికిలబడి, ఆవు తల ఒళ్ళో పెట్టుకుని, దాని మూతికంటిన నురగను కొంగుతో తుడుస్తూ కూర్చుంది. తుడిచిన కొద్దీ నురగ వస్తూనే ఉంది.

"ఊరుకోవే ఎలీషబా, ఊరుకో," అన్నాడు గోవిందయ్య గట్టు మీద నుంచే. "నా ఎద్దులు నిన్న పొద్దుగూకులు ఇదే చేలో మేసినాయి. వాటికేం కాలేదు. నీ ఆవుకు రాసిపెట్టి ఉంది. మీ దేవుడి చిత్తం, ఎవరేం చేస్తారు?"

ఊరవతలి పాలెం జనం అవునవునని తలలూపారు. రాచకుంటలో గోవిందయ్య అంత ధర్మాత్ముడు లేడని వాళ్ళ నమ్మకం. కోసిన చేలో పాలెం గొడ్డు కాలు పెడితే మిగతా ఆసాములు కర్ర పుచ్చుకుని వెంటపడతారు. గోవిందయ్య అట్లా కాదు. జొన్న కోశాక మోడు చిగిర్చే వేళకు తానే పాలెం దాకా నడిచి వస్తాడు. "ముందు మేత మీది, తోలుకోండి," అంటాడు. నాలుగేళ్ళుగా అదే వరస. ముందు మేత అనే మాట పాలెంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ ఏడు అది ఎవరికి దక్కుతుందా అని సంక్రాంతి పోయిన దగ్గర నుంచి ఎదురుచూస్తారు.

ఈ ఏడు ఎలీషబా ఆవుకు దక్కింది. నిండు చూడిది, ఇంకో ఇరవై రోజుల్లో ఈనాల్సింది. జర్మనీ వాడితో యుద్ధం మొదలైన మరుసటేడు అది. వానలు సరిగా లేవు. కొండ వాలంతా రిజర్వు అని సర్కారు వాళ్ళు రాళ్ళు పాతారు, రాయి దాటితే గార్డు పట్టుకుని బందెలదొడ్డికి తోలతాడు. రాయికి ఇవతల మిగిలింది తంగేడూ, ముదిరిన బోద గడ్డీ. తంగేడును గొడ్డు ముట్టదు. ముదిరిన బోదను వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. ఎలీషబా ఆవు గట్ల వెంట గరిక వేళ్ళు పీక్కుంటూ, రేగు కంపల్లో మూతి గీరుకుంటూ ఒక్కొక్క ఆకే ఏరుకుని రెండు నెలలు బతికింది. అట్లాంటి ఆవును ఆరెకరాల పచ్చని పిలకల్లోకి వదిలితే అది వాసన చూస్తుందా, ఆకు ఏరుతుందా? వంచిన తల ఎత్తకుండా మేసింది. పావుగంట మేసిందో లేదో తూలింది. ముందుకాళ్ళు మడిచింది. నోరు తెరిచి ఎగశ్వాస తీసింది. ఎలీషబా నీళ్ళకని పరిగెత్తి వచ్చేసరికి కళ్ళు తేలేసింది.

అది నాము. కోసిన జొన్న మోటికి చినుకు తగిలితే పిలక లేస్తుంది. ఆ పిలక మోకాలెత్తు ఎదగక ముందే ఎండకు వడిలితే దాంట్లో విషం పుడుతుంది. దానికే నాము అని పేరు. చూడటానికి లేతగా, ముచ్చటగానే ఉంటుంది. ఏ చేను నామెక్కిందో, ఏ చేను ఎక్కలేదో కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. గొడ్డు మేస్తేనే తెలుస్తుంది.

సాయంత్రం గోవిందయ్య మానికెడు జొన్నలు పంపించాడు. ఆయన మనసు వెన్న అని పాలెంలో ఆడవాళ్ళు చెప్పుకున్నారు. ఎలీషబా కూడా ఆయన ఇంటి వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ఆ మొక్కిన చేతులను తలుచుకుంటే ఆ తర్వాత ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

శుక్రవారం పొద్దున్నే ఆమె గోవిందయ్య కొట్టానికి పోయింది. మొగుడు పోయినప్పటి నుంచి అక్కడ పేడ ఎత్తేది, ఊడ్చేది, ఎద్దులకు మేత వేసి కుడితి పెట్టేది ఆమే. ఆవు చచ్చిన గురువారం పనికి పోలేదు కాబట్టి రెండు రోజుల పేడ ఎక్కడిది అక్కడే పడి ఉంది. గంప పక్కన పెట్టి వంగింది. కళ్ళలో నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

పేడను ఆమె చూసి ఎత్తదు. చేతికి తగిలితే చాలు, ఆ గొడ్డు నిన్నా మొన్నా ఏం తిన్నదో చెప్తుంది. చొప్ప తిన్న పేడ గట్టిగా, పొరలు పొరలుగా వస్తుంది. తుమ్మకాయలు తింటే గింజలు గింజలుగానే బయట పడతాయి. పచ్చిమేత తిన్న పేడ నల్లపచ్చగా, పల్చగా ఉండి వేళ్ళ సందుల్లోంచి కారిపోతుంది, రెండు చేతులా ఎత్తినా గంపలోకి రాదు.

మొదటి ముద్ద ఎత్తి గంపలో వేసింది. రెండోది ఎత్తింది. మూడోది ఎత్తబోయి ఆగిపోయింది. ఇదేంది, ఇంత గట్టిగా ఉంది?

గంపలో వేసిన ముద్దను మళ్ళీ తీసి విరిచింది. పసుపుపచ్చ చొప్ప పొట్టు, ఉలవ తొక్కలు, పత్తిగింజల నూగు. ఇంకోటి విరిచింది. అదే. నిన్నటిది, మొన్న రాత్రిది, ఎండి పెచ్చు కట్టింది, వేడి ఆరనిది, అన్నీ విరిచి చూసింది. కొట్టమంతా మోకాళ్ళ మీద తిరిగింది. ఒక్క పచ్చని పోగు కనబడలేదు. బుధవారం పొద్దుగూకులు పిలకలు మేసిన ఎద్దులు గురువారమంతా, శుక్రవారం తెల్లారేదాకా ఎండు పేడ వేశాయి! ఎంత ధర్మాత్ముడి ఎద్దులైతే మాత్రం, పచ్చిది తిని ఎండుది వేస్తాయా?

ఎద్దులను నీళ్ళకు తోలుకుపోవడానికి విశ్వాసం వచ్చాడు. వాడు ఎలీషబా మరిది, ఆ ఇంట్లో పాలేరు. ఆమె విరిచిన ముద్దను వాడి ముక్కు దగ్గర పెట్టింది.

"ఏం విశ్వాసం, ఇదేంది?"

"పేడ వదినా."

"అది నాకు తెలుసులే. బుధవారం ఎద్దుల్ని పిలకల మీద మేపినావా?"

విశ్వాసం చేతిలోని పగ్గం ముడి విప్పి, మళ్ళీ వేశాడు.

"నిన్నే అడిగేది."

"మేపలే."

"ఆయన మేసినాయన్నాడు."

"అన్నాడు." వాడు వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఎద్దులు ఆ చేను గట్టు గూడ ఎక్కలే వదినా. ఎలీషబా ఆవు పొద్దుగూకులు దాకా నిలబడితే నాకు చెప్పు, తెల్లారి మనెద్దుల్ని విడుద్దాం అన్నాడు. పడిపోతే నాలుగు దినాలాగి ఇంకోదాన్ని తోలి చూద్దాం అన్నాడు."

"చూద్దాం అన్నాడా?"

"అదే మాట."

"ప్రతి ఏడూ ఇంతేనా?"

విశ్వాసం తల ఎత్తలేదు. "నలుగురు పిల్లలు వదినా. నేను నోరు తెరిస్తే వాళ్ళ నోట్లో మన్నే."

"నోరు మూసుకున్నందుకు నా నోట్లో పడిందిలే మన్ను. ఇంకోదంటే ఎవురి గొడ్డురా?"

"ఏలీయా మామ బర్రె. సోమవారం."

ఎలీషబా చేతిలోని పేడను గోడకేసి కొట్టింది. నాలుగేళ్ళుగా పాలెం గొడ్లకు దక్కుతున్న మర్యాద ఇదన్నమాట. కూరలో ఉప్పు చూసే గరిటెపాటి కూడా కాదు తన ఆవు. దాని కడుపులో దూడ కాళ్ళు కదిలిస్తుంటే రాత్రిళ్ళు చెయ్యి వేసి చూసుకునేది. ఆ దూడనూ దాని తల్లినీ కలిపి రుచి చూశాడు వీడు. చూసి, కళ్ళు తుడుచుకుని, జొన్నలు పంపించాడు. ఓరి నీ ఇల్లు పాడుగాను, ఆ జొన్నలు నేను దంచుకుని తిన్నాను కదరా!

ఆమె ఏడుపు అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత మళ్ళీ ఏడవలేదు.

కోపం అందరికీ వస్తుంది. కోపంలో కూడా పని తెలిసినవాళ్ళు పని తెలిసినట్టే ఆలోచిస్తారు. ఎలీషబాకు గొడ్డు ఆకలి సంగతి తెలుసు. కడుపు నిండిన గొడ్డు కొత్త మేత దగ్గర హడావిడి పడదు. నాలుక చాచి ఒక ఆకు లాగుతుంది, నములుతుంది, అడుగు జరిగి ఇంకేదో చూసుకుంటుంది. నామెక్కిన పిలక రెండు పరకలు తిన్నా దానికి పోయేదేం లేదు. ఆకలి గొన్నదే దించిన తల ఎత్తకుండా మేసి చస్తుంది. అందుకే గోవిందయ్యకు పాలెం గొడ్డు కావాలి. చావాల్సిన చోట చచ్చి చూపించేది అదే.

అయితే ఆయన ఎద్దులకు కూడా ఆకలి నేర్పితే?

ఎద్దులు రోజూ పొద్దున ఆ చేను పక్క నుంచే దిగుడుబావికి పోతాయి. చేను చుట్టూ కంప ఉంది. దారి వైపు దిడ్డి దగ్గర ఒక మండ జరిపితే చాలు. మూడు రోజులు డొక్క ఎండిన ఎద్దులను పగ్గంతో ఆపడం విశ్వాసం వల్ల కాదు కదా, వాడి తాత వల్ల కూడా కాదు.

ఆ సాయంత్రమే మొదలు పెట్టింది. ఎద్దు చొప్ప తినే తీరు ఆమెకు కొట్టినపిండి. కట్ట విప్పి మేత గాట్లో వేస్తే ముందు నాలుకతో ఆకు లాక్కుంటుంది, తర్వాత కొసలు, తర్వాత సన్నటి కణుపులు. మొదట్లోని లావు దంట్లను మూతితో పక్కకు నెట్టేస్తుంది. ఆ నెట్టేసిన దంట్లే ఎలీషబాకు కూలితో పాటు దక్కేవి. వాటినే నానబెట్టి తన ఆవుకు వేసేది. ఇప్పుడు చొప్ప కట్ట విప్పి, ఆకూ కొసలూ కొడవలితో కోసి పేడ గంప అడుగున కుక్కింది. వట్టి దంట్లను గాట్లో పరిచింది. ఉలవలు ఉడికించే కుండలో ఉలవలు పిడికెడు, నీళ్ళు కుండెడు. కుడితిలో తవుడు లేదు. దంట్ల పైన మాత్రం నిండుగా కనబడటానికి నాలుగు ఆకులు చల్లింది.

వలపటెద్దు దంటు ఒకటి నోట పట్టి, నమలలేక వదిలేసి, ఆమె మొహం వంక చూసింది. చెయ్యి నాకింది. గరుకు నాలుక.

"నాకబాక," అంది ఎలీషబా. "నా ఆవు రెండు నెలలు తిన్నది ఇదే మేత. నువ్వూ తిను. తెలుస్తాది."

గంపలోని ఆకును ఏలీయా బర్రెకు వేసింది. సోమవారం లోపల దాని కడుపు నింపడం కూడా ఆమె పనే. శనివారం పొద్దున ఒక గంప, సాయంత్రం ఒక గంప. బర్రె మొదట నమ్మనట్టు వాసన చూసింది. ఆ పైన తోక ఊపుకుంటూ తిన్నది. ఎక్కడిదమ్మా ఇంత మేత అని ఏలీయా అడిగితే, ధర్మాత్ముడి ఇంటిదే మామా, అని ఎలీషబా నవ్వింది. ఆవు పోయిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. ముసలాయన బర్రె వీపు నిమిరాడు.

ఏలీయా సంఘం పెద్ద. పాస్టరు నెలకొకసారి గిద్దలూరు నుంచి వస్తాడు, మిగతా ఆదివారాలు ప్రార్థన చేసేది ఏలీయానే. ఆ ఆదివారం మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, వర్షాల కోసం ప్రార్థించాడు. యుద్ధంలో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థించాడు. చివరికి గొంతు తడి చేసుకుని అన్నాడు:

"ప్రభువా, ఈ కరువు కాలంలో తన చేను తలుపు మాకు తెరిచిన గోవిందయ్యగారిని, ఆయన ఎద్దుల్ని, ఆయన బిడ్డల్ని దీవించు తండ్రీ."

ఆమెన్ అన్నారు అందరూ. ఎలీషబా పళ్ళు గిట్టకరుచుకుంది. ప్రభువు వింటే వినుగాక, ఆ ఎద్దుల దీవెన సంగతి రేపు తేలుతుంది అనుకుంది.

ప్రార్థన అయ్యాక ముసలాయనను ఒక పక్కకు పిలిచి సంగతి చెప్పింది. పేడ సంగతి చెప్పింది. చేత్తో విరిచి చూపినట్టే చెప్పింది.

ఏలీయా మీసం నిమురుకున్నాడు. "ఆవు పోయిన బాధలో ఉండావు బిడ్డా. పేడ సాక్ష్యం చెప్తాదా? ఆయన అట్లాంటోడు కాదు."

"విశ్వాసం నోటితోనే చెప్పినాడు మామా."

"విశ్వాసాన్ని నలుగురి ముందర చెప్పమను, వింటా. చెప్తాడా?"

చెప్పడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"సోమవారం నా బర్రెను తోలుకురమ్మని పెద్దమనిషి ఇంటికొచ్చి అడిగినాడు. ముందు మేత ఇస్తానంటే వద్దని ఎట్లంటా? మర్యాదేనా?" అన్నాడు ఏలీయా.

ఎలీషబా ఇంటి దారి పట్టింది. ఈ పాలెంలో తన మాట కంటే, తన ఆవు చావు కంటే, వాడి పేరే పెద్దది.

ఆ సాయంత్రం కొట్టంలో దంట్లు పరుస్తుంటే పెరటి వైపు నుంచి దెబ్బ చప్పుడు వినబడింది. తొంగి చూసింది. విశ్వాసం రెండు చేతులూ తల మీద పెట్టుకుని కూలబడి ఉన్నాడు. గోవిందయ్య చేతిలో ములుకోల ఉంది.

"ఎద్దు డొక్కలు చూసినావట్రా? మూడు దినాల్లో ఎట్ల పీక్కుపోయినాయో! మేత నువ్వు తింటన్నావా, అమ్ముకుంటన్నావా?"

"నాకు తెలవదయ్యా."

"తెలవదా? ఎద్దుకేమన్నా అయిందా, నీ తోలు వొలిచి చెప్పులు కుట్టిస్తా." ఇంకో దెబ్బ వేశాడు. విశ్వాసం మెడ కింద చొక్కా చిరిగింది.

వాడు దెబ్బలు తింటున్నాడే కానీ, మేత వేసేది మా వదిన అని అనలేదు. గోవిందయ్యకు ఆ ఆలోచనే రాలేదు. ఆయన లెక్కలో మేత వేసే ఆడది కూడా గాడి లాంటిదే, దానికి బుద్ధి ఒకటి ఉంటుందని తోచదు.

ఎలీషబా దంట్ల మధ్య అట్లాగే కూర్చుండిపోయింది. రేపు ఎద్దు చస్తే ఏమవుతుంది? ఏమవుతుందో ఇప్పుడు కళ్ళారా చూసింది. వీడి తోలు ఊడుతుంది. గోవిందయ్యకు ఏమవుతుంది? నాలుగు రోజులు అన్నం మానేసి, అయిదో రోజు సంతకు పోయి ఇంకో జత తెచ్చుకుంటాడు. అంతేనా? పాలెమంతా పోయి ఆయన వాకిట్లో కూర్చుని ఏడుస్తుంది. ఎంత ధర్మాత్ముడికి ఎంత కష్టం వచ్చిందని ఏడుస్తుంది. ఏలీయా వచ్చే ఆదివారం ఇంకాస్త పొడుగు ప్రార్థన చేస్తాడు!

ఎద్దు పోతే ఎద్దు వస్తుంది. వాడికి పోతే రానిదేదో అది పోవాలి. రేపే పోవాలి, అందరూ చూస్తుండగా పోవాలి.

గాట్లోంచి దంట్లు తీసేద్దామా అని చెయ్యి పెట్టింది. ఒక కట్ట చొప్ప వేసినా పాపం వాటి ఆకలి తీరుతుంది. వలపటెద్దు మూతి ముందుకు చాచింది. "ఈ ఒక్క పూట ఓర్చుకో," అంది దాని నుదురు మీద చెయ్యి వేసి. "నిన్ను చంపన్లే. నీ ఆకలితో మాత్రం పనుంది నాకు." దంట్లు అట్లాగే ఉంచి లేచింది.

వాకిట్లో విశ్వాసం మెడ తడుముకుంటూ ఉన్నాడు. "రేపు ఎద్దుల్ని నీళ్ళకు ఏ వేళకు తోలుకొస్తావు?" అని అడిగింది.

"ఏలీయా మామ బర్రెను విడిచే వేళకే, అయ్య నన్ను గూడ అక్కడుండమన్నాడు."

"మంచిది. నీళ్ళు తాపకుండా నేరుగా చేను కాడికి తోలుకురా. అక్కడ ఏం జరిగినా నువ్వు నోరు తెరవబాక. తెరిచేవాడు వేరే ఉండాడు."

సోమవారం పొద్దు బారెడు ఎక్కేసరికి చేను దగ్గర పాలెం జనం చేరారు. ముందు మేత అయ్యాక తమ గొడ్లనూ విడవొచ్చని కొందరు మేకలను, బక్క ఆవులను వెంట తెచ్చుకున్నారు. బావికి పోయే రైతులు నలుగురు దారిలో ఆగి చుట్టలు ముట్టించారు. గోవిందయ్య ఉతికిన పైగుడ్డ వేసుకుని దిడ్డి పక్కన నిలబడ్డాడు. తన ఎద్దులు ఆ వేళకే అక్కడికి రావడం చూసి, నీళ్ళకు పోతున్నాయనుకున్నాడు.

"తోలు ఏలీయా. ముందు మేత నీది. నా ఎద్దులు నిన్న మేసినాయిలే, ఏం భయపడబాక."

ఎలీషబా పంగలకర్ర తీసుకుని దిడ్డికి అడ్డం ఉన్న కంప మండలను ఒక్కొక్కటే పక్కకు లాగింది. చివరి మండ లాగేసరికి పచ్చని చేను బారుగా కనబడింది. ఆకలి గొన్న మేకలు అరిచాయి. ఏలీయా బర్రె మాత్రం కదల్లేదు. మూడు రోజులు కడుపు నిండా చొప్పాకు తిన్న బర్రె, దిడ్డి ముందర నిలబడి, కళ్ళు సగం మూసి నెమరు వేసుకుంటూ ఉంది.

"అయ్యా, ఒక్క మాట," అంది ఎలీషబా. కర్ర కింద పెట్టి, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, వినయంగా వంగింది. "నా ఆవు చచ్చినకాడి నుంచి జనానికి గుండెలు దడదడమంటుండాయి. మీ ఎద్దులు నిన్న మేసినాయంటిరి. మా కళ్ళ ముందర ఇయ్యాల గూడ రెండు పరకలు మేస్తే మాకు ధైర్యం. ముందు మీ ఎద్దులు, ఆ యెనక మా బర్రె. మీరు పెద్దోళ్ళు. మీ తర్వాతనే గదయ్యా మేము."

గోవిందయ్య నవ్వబోయాడు. "ఛీ, పిచ్చిదానా. నీళ్ళు తాగని ఎద్దుల్ని మేతకు విడుస్తారంటే ఎవురన్నా?"

"మా బర్రె గూడ తాగలేదయ్యా."

రైతుల్లో ఒకడు పకపకా నవ్వాడు. "ఆడమనిషి బాగానే అడిగిందిలే గోవిందయ్యా. నిన్న మేసినవి ఇయ్యాల మేస్తే ఏం పోయింది? విడువు."

"విడువు బావా, ధర్మం నీది. జనం సంతోషపడతారు," అన్నాడు ఇంకొకడు.

గోవిందయ్య పైగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. ఎద్దులు ఆయన చెప్పేదాకా ఆగలేదు. పచ్చి వాసన తగిలింది వాటికి. వలపటెద్దు ముట్టె ఎగరేసి ఒక్క లాగు లాగింది. దాపటెద్దు దాని వెంటే కదిలింది. విశ్వాసం చెయ్యి వదిలాడో, పగ్గాలే జారాయో, దగ్గరున్నవాళ్ళు కూడా చెప్పలేకపోయారు. రెండు ఎద్దులూ దిడ్డి వైపు ఉరికాయి.

"పట్టుకోండ్రా!" గోవిందయ్య గుండె పగిలేలా అరిచాడు. పైగుడ్డ కింద పడిపోయింది. ఎగిరి పగ్గాలు పట్టుకుని మడమలు నేలకు తన్ని వెనక్కి లాగాడు. ఎద్దులు ఆయనను ఈడ్చుకుపోయాయి. "పట్టుకోండ్రా నా కొడకల్లారా! నామురా! నామెక్కిన చేనురా! చస్తాయిరో!"

ఎవరూ కదల్లేదు.

వలపటెద్దు చేలోకి మెడ చాచి పిలకలు గుప్పెడు పెరికి నోట పట్టింది. గోవిందయ్య మోకాళ్ళ మీద పడి, ఒక చేత్తో రెండు పగ్గాలూ బిగబట్టి, రెండో చెయ్యి దాని నోట్లో దూర్చాడు. నాలుక కింద నుంచి, దవడ సందు నుంచి ఆకు పోగు పోగుగా పీకి పారేశాడు. అంతమాత్రానికి ఎద్దు చావదని ఆయనకూ తెలుసు. అయినా పీకుతూనే ఉన్నాడు. వేళ్ళ మీద నెత్తురు కారింది. ఇంకా ఏమన్నా మిగిలిందేమోనని వెలుతురుకు తిప్పి దాని నోరు తెరిచి చూశాడు.

అప్పుడు గానీ ఆయన తల ఎత్తి చుట్టూ చూడలేదు.

"నిన్న మేసినాయంటివే?" అన్నాడు నవ్విన రైతు. ఇప్పుడు నవ్వడం లేదు. చుట్ట పారేసి బావి వైపు నడిచాడు. మిగతా ముగ్గురూ గోవిందయ్య మొహం చూడకుండానే వెంట పోయారు.

జనంలోంచి పాలెం రత్నమ్మ ముందుకు వచ్చింది. "పోయినేడు నా మేకలు రెండు," అంది, ఎవరితో అంటుందో తెలియకుండా. "నేను ఈయన కాళ్ళకు మొక్కినా. మొక్కి ఇంటికి పోయినా." ఆమె ఉమ్మేసింది. వెనక నుంచి ఇంకెవరిదో ఆవు పేరు వినబడింది, ఇంకెవరిదో పెయ్య. నాలుగేళ్ళ చావులు ఒక్కొక్కటే వరస పెట్టి బయటికి వచ్చాయి.

ఏలీయా బర్రె మెడ మీద చెయ్యి వేసి, దాన్ని పాలెం వైపు తిప్పాడు.

ఎలీషబా చేలోకి రెండు అడుగులు వేసి గోవిందయ్య ముందర నిలబడింది. ఆయన ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు.

"అంత బాగా తియ్యను వచ్చా అయ్యా మీకు?" అంది. "నా ఆవు నోట్లోంచి గూడ అట్ల తియ్యాల్సింది. మీరు ఈ గట్టు మీదనే నిలబడి ఉంటిరి గదా."

గోవిందయ్య పెదవులు కదిలాయి. "రేపటి నుంచి నా కొట్టం గడప తొక్కావంటే..."

"తొక్కను. ఎద్దులకు శుక్రవారం నుంచి మేత లేదు. నేనే ఎండగట్టినా. ఇంటికి తోలుకుపోయి, మీ చేత్తో వెయ్యండి. ఆకలంటే ఏందో మీ గొడ్లకు తెలిసింది. మీకు తెలియాలంటే ఇంకా చానా దినాలు పడతాది."

ఆమె తిరిగి నడిచింది. విశ్వాసం ఒక్క క్షణం అక్కడే నిలబడ్డాడు. తర్వాత ములుకోలను గట్టుకు ఆనించి, వదిన వెంట పోయాడు. గిద్దలూరులో రైలు కట్ట మీద కంకర కొట్టే పని ఉందంట వదినా, అంటున్నాడు దారిలో. ఉంటే మంచిదే, నేనూ వస్తా, అంది ఆమె.

పొద్దెక్కింది. మేకలూ ఆవులూ జనమూ పాలెం దారి పట్టారు. దిడ్డికి కంప అడ్డం వెయ్యమని గోవిందయ్య వెనక నుంచి కేక వేశాడు. ఇంకోసారి వేశాడు. ఎవరూ వెనక్కి తిరగలేదు. పగ్గాలు వదిలి తానే పోయి కంప తెద్దామంటే ఎద్దులు ఆగేటట్టు లేవు. రెండు పగ్గాలూ రెండు చేతులకు చుట్టుకుని, ఎద్దులను వీపుతో వెనక్కి నెడుతూ, ఆ ఖాళీలో ఆయనే అడ్డం నిలబడ్డాడు.